నాలుగు గంటల మెయిల్

గూఢచారి అంటే నల్ల కోటు, నల్ల కళ్ళద్దాలు అనుకునేవాళ్ళను పట్టుకొచ్చి, మే నెల ఎండలో వేలూరు నడిబజారులో ఒక్క పది నిమిషాలు నల్ల కోటు తొడిగి నిలబెట్టాలి. అప్పుడు తెలుస్తుంది. ఏజెంట్ భూపతి ఆ రోజు కట్టుకున్నది గళ్ళ లుంగీ, తొడుక్కున్నది చెమటకు వీపుకు అతుక్కుపోయిన చొక్కా. చేతిలో స్కానింగ్ రిపోర్టుల కవరు. ఎక్కడెక్కడి రోగులో వచ్చి దిగే లాడ్జీల సందులో అలాంటి కవరు పట్టుకున్నవాణ్ణి కుక్క కూడా తలెత్తి చూడదు.

మూడో లాడ్జీ రిసెప్షన్ దగ్గర ఆగాడు.

"కిటికీ ఉండే రూము ఉండాదా?"

"ఆపరేషన్ అయినోళ్ళకే," అన్నాడు రిసెప్షనిస్టు పేపర్లోంచి తల తీయకుండా.

"నాకు రేపు."

కోడ్ సరిపోయింది. తాళం చేతికొచ్చింది. మూడో అంతస్తులో 'హౌస్ కీపింగ్' అని రాసి ఉన్న తలుపు తీస్తే లోపల చీపుర్లు, బకెట్లు లేవు. ఆరు మానిటర్లు, ఒక వైర్‌లెస్ సెట్, వాటి మధ్య ఉడికిపోతున్న చీఫ్ పాల్‌రాజ్ ఉన్నాడు.

"నాలుగోసారి!" అని అరిచాడు చీఫ్. "పది దినాల్లో నాలుగోసారి నీ మెయిల్ ఎత్తుకుపోయినారు భూపతీ! సగం లోకం తిరిగి పని చేసినోడివి, నీ ఇంటి తలుపుకి గొళ్ళెం పెట్టుకునేది తెలీదా నీకు?"

"పాస్‌వర్డ్ నాలుగు తూర్లు మార్చినా సార్. ఇరవై రెండు అక్షరాలు. ఇప్పుడు నాకే గుర్తు లేదు."

"వాళ్ళకి గుర్తుండాది కదా! సిగ్గు లేదా?"

"ఉండాది సార్. అందుకే తల దించుకోని ఉండాను. మీరు అరిచేది అయిపోతే పని చూద్దాం."

కిటికీ పక్కన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న మోనిష నవ్వింది. సైబర్ సెక్యూరిటీ కన్సల్టెంట్. చెన్నై నుంచి వచ్చి రెండు నెలలు. నెమలిరంగు పట్టుచీర, ఒళ్ళో లాప్‌టాప్, ముఖం మీద ఒక్క చెమటచుక్క లేదు. మే నెలలో వేలూరులో చెమట పట్టని మనిషిని అక్కడికక్కడే అనుమానించాలి. అంత తెలివే ఉంటే ఆ డిపార్ట్‌మెంట్‌కు ఇన్ని తిప్పలు ఎందుకొస్తాయి?

"సార్, నాలుగుసార్లూ మెయిల్ కంపెనీతో అఫీషియల్ చానెల్‌లో మాట్లాడి అకౌంట్ వెనక్కి తెచ్చింది నేనే," అంది మోనిష తీయగా. "సెట్టింగ్స్ అన్నీ చూశాను. మాల్‌వేర్ లేదు, ఫార్వర్డింగ్ లేదు. ఎవ్రీథింగ్ ఈజ్ క్లీన్. లోపం సిస్టమ్‌ది కాదు. యూజర్‌ది."

యూజర్ అన్న మాట ఆమె నోట్లోంచి తిట్టులాగే వచ్చింది.

చీఫ్ గోడ మీది స్క్రీన్ వెలిగించాడు. చామనఛాయ, ముప్పై ఏళ్ళ ఆడమనిషి, మెడలో చిన్న శిలువ. పేరు జెసింత. ఊరు పొన్నై. మూడేళ్ళ క్రితం గల్ఫ్‌లో ఒక పెద్దింట్లో పనిమనిషిగా చేరింది. ఆ ఇల్లు 'గ్రే హార్బర్' అనే ఆయుధాల ముఠా నాయకుడిదని ఆమెకు చెప్పి, ఆమెను మన మనిషిగా మార్చింది భూపతే. అప్పుడు చేసిన పొరపాటు ఒకటుంది. భూపతి పదిహేను రోజులకొకసారి ఫోన్ నంబరు మారుస్తాడు, వృత్తి అలాంటిది. అందుకని ఎప్పటికీ మారనిది ఒక్కటి ఇద్దామని తన సొంత ఈమెయిల్ అడ్రస్ చెప్పాడు. జెసింత దాన్ని ప్రార్థనలాగా బట్టీ పట్టింది. ఆమెకు తెలిసిన దారి అదొక్కటే.

"నాలుగు దినాలకి ముందు ఆ ఇంట్లోంచి పారిపోయి మన దేశానికి వచ్చేసింది," అన్నాడు చీఫ్. "ఇండియాలో గ్రే హార్బర్ మనుషులు ఎవురెవురో, ఆ పేర్లన్నీ ఉండే మెమరీ కార్డు ఆమె రవికె మడతలో ఉండాది. బస్సు మారి బస్సు ఎక్కతా ఉండాది. పొద్దన తొమ్మిదికి ఎవురిదో ఫోన్ అడుక్కోని మెయిల్ కొట్టింది. నాలుగు గంటలకి మళ్ళా రాస్తాను, యాడికి రావాలో చెప్పన్నా, అని. తొమ్మిదీ నలభైకి నీ అకౌంట్ పాయె."

అంటే భూపతి చదివిందే వాళ్ళూ చదివారు. నాలుగు గంటలకు జెసింత రాస్తుంది. ఆ సమయానికి మెయిల్‌లో ఎవరు కూర్చుని ఉంటే వాళ్ళే జవాబిస్తారు, వాళ్ళు రమ్మన్న చోటికే ఆమె పోతుంది. అకౌంట్ మూసేద్దామంటే ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. జెసింత ప్రాణం ఇరవై రెండు అక్షరాల మీద వేలాడుతోంది.

"ఇప్పుడు అకౌంట్ మన చేతిలోనే ఉంది," అంది మోనిష. లేచి వచ్చి భూపతి చేతికి ఒక గడియారం తొడిగింది. మల్లెపూల సెంటు గుప్పుమంది. "కొత్త గాడ్జెట్. మీ మెయిల్‌లోకి మీరు కాక ఇంకెవరు అడుగు పెట్టినా ఇది వణుకుతుంది. మీరు మాత్రం లాడ్జీ దాటి బయటికి పోకండి. ప్రామిస్?"

"చూస్తా," అన్నాడు భూపతి. మంచి మాట మంచిగా చెప్పడం అతని వంశంలోనే లేదు.

మెట్లు దిగుతూ రెండో అంతస్తు దాకా వచ్చాడో లేదో గడియారం వణికింది. ఫోన్ తీసి చూస్తే మెయిల్ తెరుచుకోలేదు. ఐదోసారి. పైనుంచి మోనిష గొంతు వినిపించింది: "డోంట్ వర్రీ, మూడున్నరకల్లా తిరిగి తెస్తాను!"

భూపతికి ఒళ్ళు మండిపోయింది. మెట్ల మీదే కూలబడి, ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి వేసుకున్నాడు. ఈ అకౌంట్‌ను మొట్టమొదట తెరిచింది ఎవరు?

తను కాదు. ప్లస్ టూ అయిన ఏడాది, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ దరఖాస్తుకు ఈమెయిల్ కావాలంటే, గుడియాత్తంలో నటరాజన్ బ్రౌజింగ్ సెంటర్ ముందు నిక్కరు మీద నిలబడ్డాడు. పేరు, పుట్టినతేదీ చెప్పాడు. మిగతాదంతా నటరాజన్ టకటకా కొట్టి, ఒక చీటీ చేతిలో పెట్టి "తరువాతోడు రా!" అని కేకేశాడు. అంతే. ఆ తర్వాత పదహారేళ్ళు ఆ అకౌంట్‌కు ముందు గుమ్మం ఒకటే తెలుసు భూపతికి. దొడ్డి వాకిలి సంగతి ఏనాడూ పట్టించుకోలేదు.

మోనిషకు చెప్పలేదు. చీఫ్‌కూ చెప్పలేదు, చెబితే మళ్ళీ అరుస్తాడు. జేబులోంచి పెట్టుడు మీసం తీసి అతికించుకుని, సందు చివర అంగట్లో నాలుగు లుంగీలు కొని మూట కట్టుకుని, లుంగీల వ్యాపారి వేషంలో గుడియాత్తం బస్సు ఎక్కాడు. పాలారు వంతెన కింద నీటిబొట్టు లేదు, ఇసుక ధగధగా మెరుస్తోంది. బస్సు కాట్పాడి దాటేసరికి పన్నెండు ముప్పావు. అక్కడ రైల్వే గేటు పడింది, తర్వాత టైరు పంచరైంది. కండక్టరును పదమూడు రకాలుగా తిట్టినా టైరు గాలి పట్టలేదు. గుడియాత్తం చేరేసరికి రెండున్నర దాటింది.

బస్టాండు దగ్గర బ్రౌజింగ్ సెంటర్ లేదు. ఉన్నచోట మొబైల్ కవర్ల దుకాణం. నటరాజన్ ఇప్పుడెక్కడుంటాడని అడిగి, నేతగాళ్ళ వీధిలోకి నడిచాడు. వీధి పొడుగునా మగ్గానికెక్కాల్సిన పడుగు, నిలువు పోగులు, సాగదీసి ఉంది. ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు, టకాటక్, టకాటక్. ఆ వీధిలో పుట్టి పెరిగినవాడికి ఆ చప్పుడు వినబడదు, ఊపిరిలాగే.

నటరాజన్ యాభైకి దగ్గరపడుతున్న బక్క మనిషి. గుంత మగ్గం దగ్గర కూర్చుని నేస్తున్నాడు. పక్కన ఇంకో మగ్గం మీద అతని భార్య జీవిత, మూడోదాని మీద పనివాడు. భూపతి గొంతు మార్చి, బెంగళూరు యాసలో, హోల్‌సేల్‌గా లుంగీలు కావాలన్నాడు. నటరాజన్ ఒకటి చేతికిచ్చాడు. భూపతి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"మీసం పీకెయ్ భూపతీ," అన్నాడు నటరాజన్.

"ఎట్ల కనిపెడితివి?"

"బేరానికి వచ్చినోడు గుడ్డని నలిపి చూస్తాడు. అంచు లాగి చూస్తాడు. వెలుతురుకి పెట్టి పోగులు చూసేది నేసేవాడి కొడుకు. ఇంగేంటికి వచ్చినావు? అంగడి పాయె. ఇల్లుండాది, దీనికీ సీలు వేస్తావా?"

ఆ కోపానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో భూపతి ఒక రిపోర్టు రాశాడు. నటరాజన్ సెంటర్‌లో గుర్తింపు కార్డు చూడకుండా అందర్నీ కూర్చోబెడుతున్నారని. మూడు నెలలు అంగడికి సీలు పడింది. తర్వాత తెరిచినా మనుషులు రాలేదు. నటరాజన్ మళ్ళీ మగ్గంలోకి దిగాడు.

"తప్పే అన్నా," అన్నాడు భూపతి. ఈ మాట అతని నోట రావడం చాలా అరుదు. "తిట్టేది తరువాత తిట్టు. నా మెయిల్ తెరిచిన దినం దాని రికవరీకి ఏం పెట్టినావో చెప్పు."

"అందరికీ ఏం పెట్టినానో అదే. అప్పుడు మీలో ఎవురికి ఫోన్ ఉండె? ఇంగో మెయిల్ ఎవురికి ఉండె? కౌన్సెలింగ్ సీజన్‌లో వీధి దాకా క్యూ నిలబడె. అందరికీ నా అంగడి మెయిలే పెట్టేసినా. పాస్‌వర్డ్ మరిచిపోయినా అని ఏడ్చుకుంటా వచ్చినోళ్ళకి నేనే కదా తీసిచ్చింది! ఊరంతా నాకు దండం పెట్టె. నువ్వే రిపోర్టు పెడితివి."

సగం గుడియాత్తం తాళంచెవులు ఒకే మేకుకు తగిలించి ఉన్నాయన్నమాట. ఫోన్ నంబర్లు మార్చుకునే అలవాటు వల్ల భూపతి తన అకౌంట్‌కు ఏ నంబరూ ఇవ్వలేదు. ఆ మేకు తప్ప అతని తాళానికి వేరే దిక్కు లేదు.

"ఆ అంగడి మెయిల్ ఇప్పుడు యాడుంది?"

"ఇచ్చేసినా. పోయిన నెల ఒక మేడమ్ కార్లో వచ్చె. పాత బ్రౌజింగ్ సెంటర్ల మ్యూజియం పెడతారంట. బోర్డు, కంప్యూటరు, మెయిలు, దాని పాస్‌వర్డు, అంతా కావాలనె. అటకమీద దుమ్ము పట్టే సామాను, సరే తీసుకోమ్మా అంటిని."

భూపతి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. నెమలిరంగు చీర.

"ఆమా, అవును, ఈమే! అంత ఎండలో చెమటే పట్టలేదు ఆ మహాతల్లికి."

భూపతికి లెక్క తేలింది. నాలుగుసార్లు అకౌంట్ ఎత్తుకుపోయింది ఆమే, నాలుగుసార్లు తెచ్చి చేతిలో పెట్టిందీ ఆమే. తెచ్చిపెడితేనే కదా అతను మళ్ళీ వాడేది, జెసింత మళ్ళీ రాసేది! అఫీషియల్ చానెలూ లేదు, పాడూ లేదు. వెంటనే చీఫ్‌కు ఫోన్ కొట్టాడు.

"మోనిషా? నీకోసమే గుడియాత్తానికి బయల్దేరి ముప్పావు గంటాయె," అన్నాడు చీఫ్. "నువ్వు యాడ ఉండావో ఆమెకి తెలుసంట కదా?"

"ఆమె గ్రే హార్బర్ మనిషి సార్. మనుషుల్ని తీసుకోని రండి. అరవద్దు, రండి."

చెప్పకుండా వచ్చిన చోటు ఆమెకు ఎలా తెలిసింది? భూపతి చేతి గడియారం విప్పి వాకిట్లోని రంగు తొట్టిలో పడేశాడు. ముందే పడేయాల్సింది. టైము మూడూ ఇరవై.

నటరాజన్ ముఖం నల్లబడింది. జెసింత సంగతి విన్నాక మగ్గంలోంచి లేచి, పాత లాప్‌టాప్ తెచ్చి తెరిచాడు. "వాళ్ళు పాస్‌వర్డ్ మార్చింటారు. అయితే అంగడి మెయిల్‌కి ఒక ఫోన్ నంబరు ఉండాది. అది మాత్రం వాళ్ళు పెరకలేక పాయిరి. ఆ సిమ్ మా అమ్మ పేర్లో తీసినా, ఇప్పటికీ ఆమె సంచిలోనే ఉండాది. నంబరు తీసెయ్యాలంటే ఓటీపీ కావాల. దానికి ఎన్ని తూర్లు ఫోన్ చేసిరో! మా అమ్మ తిట్టిన తిట్లకి చెవులు కడుక్కోని ఉంటారు."

దారి దొరికింది. ఆ ఓటీపీతో అంగడి మెయిల్ చేతికొస్తే, దాంట్లోంచి భూపతి మెయిల్ చేతికొస్తుంది. నటరాజన్ 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అన్న బటన్ నొక్కాడు. వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న ముసలామె నడుముకున్న వక్కాకు సంచిలో ఫోన్ కుయ్యిమంది.

భూపతి వెళ్ళి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. "అవ్వా, ఫోన్‌కి ఆరు అంకెలు వచ్చింటాయి. రవంత చెప్పు."

"చెప్పను," అంది కాంచనమ్మ రాట్నం ఆపకుండా.

"నేను భూపతిని అవ్వా."

"తెలుసు. మా అంగడికి సీలు వేయించినోడివి. బ్యాంకులో పిల్ల చెప్పింది. ఓటీపీ ఎవురడిగినా చెప్పొద్దు, కొడుకు అడిగినా చెప్పొద్దు, పోలీసు అడిగినా చెప్పొద్దు అని."

"నేను పోలీసు కాదు."

"అయితే అసలే చెప్పను."

భూపతి గుర్తింపు కార్డు తీశాడు. ప్రాణం పోయినా చూపించకూడదని ప్రమాణం చేసి పుచ్చుకున్న కార్డు. కాంచనమ్మ దాన్ని వెనక్కి తిప్పి చూసి ఇచ్చేసింది. "ఇట్లాంటివి బస్టాండులో సుమ్మా, కాసు లేకుండా ఇస్తారు."

"ఒక ఆడపిల్ల ప్రాణం పోతాది అవ్వా!"

"ఫోన్ చేసినోడూ అదే చెప్పె. నా మనవరాలు ఆసుపత్రిలో ఉండాదంట. నాకు మనవరాలే లేదు."

"అమ్మా, నేను చెప్తా ఉండాను, ఇయ్యి," అన్నాడు నటరాజన్.

"కొడుకు అడిగినా అనింది కదరా!"

ఓటీపీ గడువు అయిపోయింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ కుయ్యిమంది, మళ్ళీ అయిపోయింది. మూడూ నలభై. విరోధుల చెరలో పదకొండు రోజులు నోరు విప్పకుండా ఉన్న భూపతికి, నోరు విప్పని మనిషి ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. సంచి లాక్కుందామని చెయ్యి చాపితే, కాంచనమ్మ రాట్నం కదురు తీసి గుచ్చబోయింది.

"అలా లాక్కోకూడదు భూపతీ. పెద్దవాళ్ళు."

గుమ్మంలో మోనిష. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. వీధి మొగలో తెల్ల కారు, దాని పక్కన వీల్‌చెయిర్‌లో మెడకు పట్టీ కట్టుకున్న విదేశీ పేషెంటు. రెండు నెలలుగా వేలూరులో లాడ్జీ మార్చి లాడ్జీలో దిగుతూ వైద్యం చేయించుకుంటున్న గ్రే హార్బర్ నంబర్ టూ.

"మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ నాకు అలర్ట్ వస్తోంది," అంది మోనిష. "ఫోన్ ఇటివ్వండి అమ్మమ్మా. నాలుగింటికి ఆ పనిమనిషి రాస్తుంది. తర్వాత సంగతి నేను చూసుకుంటాను. ఐదింటికి మా పేషెంట్ ఆమెను కార్లో ఎక్కించుకుంటాడు. సింపుల్."

కాంచనమ్మ ఏదో అంది. మగ్గాల చప్పుడులో వినబడలేదు.

"ఏమిటి?"

"నీకు అసలే ఇయ్యను అనింది," అన్నాడు భూపతి.

"మగ్గాలు ఆపండి!" అని కీచుమంది మోనిష. "ఒక్క ముక్క వినబడి చావడం లేదు!"

"వద్దు మేడమ్," అన్నాడు నటరాజన్ కంగారుగా. "పని పొద్దులో మూడు మగ్గాలూ ఒక్కసారి ఆపకూడదు, ఆపితే..."

"ఆపమన్నానా!" పిస్టల్ జీవిత వైపు తిరిగింది.

మూడు మగ్గాలూ ఆగాయి.

పట్టుచీర కట్టుకుంటే సరిపోదు, అది నేసేవాళ్ళ వీధి ఎలా బతుకుతుందో తెలిసుండాలి. ఆ వీధిలో పండగనాడు తప్ప, పట్టపగలు ఒక ఇంటి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగితే దానికి అర్థం ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరో పోయారు. ఎవరూ పిలవక్కర్లేదు, కబురు పంపక్కర్లేదు. ఎదురింటి మగ్గం ఆగింది. పక్కిల్లు ఆగింది. రెండు నిమిషాల్లో వీధి వీధంతా చప్పబడిపోయింది. ఆ వెంటనే గుండెలు బాదుకుంటూ గుమ్మంలోకి పడింది ఎదురింటావిడ.

"అయ్యో కాంచనమ్మా! పొద్దన నాకాడ వక్క తీసుకుంటివే! అప్పుడే పోతివా తల్లీ!"

ఆమె వెనక ముప్పైమంది. జీవితను పట్టుకుని ఏడ్చేవాళ్ళు, నటరాజన్ భుజం తట్టేవాళ్ళు. మధ్యలో పట్టుచీరతో ఉన్న మనిషిని చూసి, పొరుగూరి నుంచి వచ్చిన బంధువనుకుని ఇద్దరు లావుపాటి ఆడవాళ్ళు ఆమె మెడ మీద పడ్డారు. "కార్లో వస్తివా అమ్మా! కడసారి చూపుకి అందుకుంటివా!"

పిస్టల్ ఉన్న చెయ్యి ఆ కౌగిలి కింద నలిగిపోయింది. భూపతికి అంత సందు చాలు. మణికట్టు పట్టి మెలితిప్పాడు. పిస్టల్ మగ్గం గుంతలోకి జారిపోయింది. ఇంకో క్షణంలో మోనిష చేతులు నూలు చిలపతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఇప్పుడు చెమట పట్టింది ఆమెకు, జడివానలాగా.

బయట వీల్‌చెయిర్ పేషెంటు గుంపును చూసి లేచి పరుగందుకున్నాడు. పాపం, దారి తప్పి సాగదీసిన పడుగులోకి పోయాడు. వారం రోజుల కష్టం తెంపినవాణ్ణి పడుగు ఆసాములు నలుగురు పట్టుకుని, చీఫ్ జీపు వచ్చేదాకా వైద్యం చేశారు.

"ఎవురే పోయింది?" అని అరిచింది కాంచనమ్మ రాట్నం దగ్గరనుంచి. "దుక్కలాగా ఉండాను, కండ్లు కనపడలేదా?"

ఏడుపులు ఠక్కున ఆగాయి. "బతికుండావా?" అంది ఎదురింటావిడ. సంతోషం కంటే కోపమే ఎక్కువ ఉంది ఆ గొంతులో. "అయితే మగ్గాలు ఏంటికి ఆపితిరి? పని చెడిపాయె కదా!"

మూడూ యాభై నాలుగు.

"అవ్వా," అన్నాడు భూపతి. "పిస్టల్ చూసినావు కదా. ఇప్పుడన్నా చెప్పు."

కాంచనమ్మ ఆలోచించింది. "ఆ పిల్ల దొంగదని తెలిసె. నువ్వు దొంగవి కాదని ఎట్ల తెలిసేది?"

పదేళ్ళ సర్వీసులో భూపతిని ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.

"చెప్పేది లేదంటే లేదు," అంది కాంచనమ్మ లేస్తూ. "నేనే కొడతా. అంకెలు నాకూ వచ్చు. ఆ పెట్టె ఇట్ల పెట్టు. అందరూ గోడవైపు తిరగండి."

నటరాజన్ చివరిసారి బటన్ నొక్కాడు. దేశం గర్వించదగ్గ గూఢచారి, ముప్పైమంది నేతగాళ్ళతో కలిసి గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. కట్టేసిన మోనిషను కూడా తిప్పి నిలబెట్టారు. వెనకాల ఒక్కో మీట మీద ఒక్కో వేలు పడుతున్న చప్పుడు.

"సున్నా యాడుండాది?"

"తొమ్మిది పక్కన అవ్వా..."

"తిరగొద్దు!"

మూడూ యాభై ఏడుకు అంగడి మెయిల్ తెరుచుకుంది. నటరాజన్ వేళ్ళు పాత కౌన్సెలింగ్ రోజుల్లోలాగా పరిగెత్తాయి. భూపతి అకౌంట్‌కు రికవరీ కోడ్ అడిగాడు, అంగడి మెయిల్‌కు వచ్చింది, కొట్టాడు. కొత్త పాస్‌వర్డ్. లోపల ఇంకో కంప్యూటర్ కూర్చుని ఉంది, వేలూరులో. దాన్ని మెడపట్టి బయటికి గెంటాడు. మూడూ యాభై తొమ్మిది.

నాలుగు. ఏమీ రాలేదు. నాలుగూ ఒకటి. వీధిలో ఒక మగ్గమూ ఆడటం లేదు.

మెయిల్ వచ్చింది. జెసింత ఎప్పటిలాగే తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. రెండే మాటలు: 'నువ్వు ఎవురు?'

భూపతి అయోమయంగా చూశాడు. యాడికి రావాలి అని అడగాల్సిన మనిషి ఈ ప్రశ్న ఎందుకు వేసింది? ఆలోచించే తీరిక లేదు, ఓపిక అసలే లేదు. పొద్దుటినుంచి ఉన్న మంటంతా వేళ్ళలోకి వచ్చింది. 'నీ మొహం. ఇంకెవురు? యాడ చచ్చినావు? చోటు చెప్పి కదలకుండా కూర్చో, బుద్ధి లేనిదానా' అని కొట్టి పంపాడు.

అర నిమిషంలో జవాబొచ్చింది. 'మోర్ధానా డ్యామ్ బస్టాపు. టీ అంగడి.'

ఐదింటికి ముందే చీఫ్ జీపు డ్యామ్ దగ్గర ఆగింది. టీ అంగడి బెంచీ మీద జెసింత కూర్చుని ఉంది, కాళ్ళు వాచిపోయి, మూడు రోజుల మాసిన చీరతో. భూపతిని చూడగానే లేచి వచ్చి అతని భుజం మీద రెండు గట్టి దెబ్బలు వేసింది. ఆ తర్వాత ఏడ్చింది.

"నీ మెయిల్‌కి తాళం లేదాన్నా? పొద్దన రాసినదానికి వేరే ఎవురో జవాబు పెట్టినారు. ఇప్పుడు తెరిచి చూసి ఒళ్ళు చల్లబడె. వాళ్ళు చెప్పిన చోటికి పోయేదానికి లేదు, ఇంగ యాడికి పోవాలో తెలీదు."

భూపతి ఉలిక్కిపడ్డాడు. మోనిష వాళ్ళు జవాబు పంపి, అతనికి కనబడకుండా మెయిల్‌లోంచి చెరిపేశారన్నమాట. "ఏమని పెట్టినారు?"

"'ప్రియమైన చెల్లెమ్మా, క్షేమంగా ఉన్నావా? దయచేసి వేలూరు కోట గేటు దగ్గరికి రాగలవు' అని. నీ పేరుతోనే."

"మరి నేను కాదని ఎట్ల కనిపెడితివి?"

జెసింత కొంగుతో ముఖం తుడుచుకుంది. "మూడేండ్లుగా నువ్వు ఒక్క దినమన్నా నన్ను క్షేమమా అని అడిగినావా? దయచేసి అని ఒక్క తూరి అన్నావా? మర్యాద చూసినప్పుడే తెలిసిపాయె, ఇది మా అన్న కాదని. ఎవురో తెలుసుకుందామని అడిగితి. నీ తిట్లు వచ్చినాకే నా ప్రాణం లేచి వచ్చింది."

చీఫ్ పాల్‌రాజ్ చాలాసేపు నవ్వాడు. భూపతి నవ్వలేదు. జెసింత కోసం ఒక టీ, రెండు బన్నులు చెప్పి, తీసుకురావడం ఆలస్యమైనందుకు టీ అంగడివాణ్ణి తిట్టాడు.

మర్నాడు ఆఫీసుకు పంపాల్సిన సెక్యూరిటీ రిపోర్టులో చివరి గడి ఒకటి ఉంది: 'పంపినవారు అసలు వ్యక్తేనని నిర్ధారించిన పద్ధతి.' భూపతి పావుగంట ఆలోచించి, 'నోటిదురుసు' అని రాసి సంతకం పెట్టాడు.